పొద్దున్న పావుగంటలో టిఫిన్: రాత్రే నానబెట్టుకుంటే సగం పని అయినట్టే

ఏడున్నరకు స్కూలు బస్సు, ఎనిమిదింటికి ఆఫీసు. ఈలోపు పిల్లల స్నానాలు, నీళ్ల సీసాలు, మధ్యాహ్నం బాక్సులు. వీటన్నిటి మధ్య టిఫిన్‌కి మిగిలేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆ కాస్త సమయంలో చాలా ఇళ్లలో అయ్యేది బొంబాయి రవ్వ ఉప్మా, లేదంటే జామ్ రాసిన బ్రెడ్డు. అదీ కుదరని రోజు వీధి చివర బండి మీద నుంచి పూరీ పార్సిల్. కడుపైతే నిండుతుంది. పదిన్నర అయ్యేసరికి మళ్లీ ఆకలి, నీరసం, ఆ పైన టీ, బిస్కట్లు.

ఇందులో రెండు లోపాలున్నాయి. ఒకటి, పనంతా పొద్దున్నే పెట్టుకోవడం. రెండు, పళ్లెంలో బియ్యం, రవ్వ ఎక్కువై పప్పు, కూరగాయలు తక్కువ కావడం. రాత్రి పడుకోబోయే ముందు ఒక గిన్నెలో ఏదో ఒకటి నానబెట్టడం అలవాటైతే రెండూ తీరతాయి. పెసలు, శనగలు, జొన్న రవ్వ, రాగి పిండి, ఆఖరికి మిగిలిన అన్నం కూడా నీళ్లలోనో మజ్జిగలోనో రాత్రంతా ఉంటే పొద్దున్న పొయ్యి మీద పని సగానికి సగం తగ్గుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ గిన్నె చుట్టూనే తిరుగుతుంది.

ముందు పళ్లెం సంగతి

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2,000 కేలరీల ఆహారానికి సూచించిన పళ్లెంలో పప్పుదినుసులకు 85 గ్రాముల వాటా ఉంది. మాంసం, గుడ్లు తినేవాళ్లకు అవీ ఆ వాటాలోకే వస్తాయి. మధ్యాహ్నం కాస్త పప్పు, రాత్రి చారు వేసుకునే ఇంట్లో ఇంత పప్పు కడుపులోకి వెళ్లదు. ఆ లోటు పూడ్చడానికి అన్నిటికన్నా తేలికైన చోటు పొద్దుటి టిఫినే.

అందుకని ఏ టిఫిన్ చేసినా మూడు సంగతులు చూసుకోండి. పప్పో, గుడ్డో, పల్లీలో ఉన్నాయా? కూరగాయో, ఆకుకూరో, కనీసం ఉల్లిపాయ, టమాటా అయినా పడిందా? నూనె చెంచాలతో కొలిచారా, సీసాతో వంచేశారా? మూడింటిలో రెండు సరిగ్గా ఉంటే ఆ పూటకు మంచి టిఫిన్ తిన్నట్టే. రోజూ మూడూ కుదరాలని పట్టుబడితే పది రోజుల్లో విసుగొచ్చి మళ్లీ బ్రెడ్డు దగ్గరికే చేరతాం.

ఆదివారం ఒక గంట

ఆదివారం సాయంత్రం ఒక గంట తీసి పెట్టుకోండి. ఆ గంటలో నాలుగు పనులు.

మొదటిది ఇడ్లీ పిండి. దాని కథ కాస్త పెద్దది, కింద వేరుగా రాస్తాను.

రెండోది కందిపొడి. కందిపప్పు ఒక గ్లాసు, శనగపప్పు అర గ్లాసు, పెసరపప్పు అర గ్లాసు విడివిడిగా సన్న సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. ఎనిమిది, పది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర కూడా వేయించి, చల్లారాక ఉప్పు వేసి మిక్సీ పట్టండి. వేడి మీద పట్టారంటే సీసాలో చెమ్మ పట్టి ముద్దకడుతుంది. వెల్లుల్లి ఇష్టమైతే చివర్లో నాలుగు రెబ్బలు. పచ్చడి చేసే తీరిక లేని రోజు ఇడ్లీకి, అట్టుకి ఈ పొడి, అర చెంచా నెయ్యి చాలు. పప్పు వాటా కూడా ఎంతో కొంత పళ్లెంలోకి వస్తుంది.

మూడోది అల్లం పచ్చడి. పెసరట్టు ఉన్న ఇంట్లో ఇది ఉండి తీరాలి. 50 గ్రాముల అల్లాన్ని ముక్కలు కోసి కొద్ది నూనెలో వేయించండి. పది ఎండుమిర్చి, చెంచాడు చొప్పున శనగపప్పు, మినపప్పు వేయించండి. నానిన చింతపండు 50 గ్రాములు, బెల్లం 75 గ్రాములు, ఉప్పు కలిపి రుబ్బి, పోపు పెట్టండి. నీళ్లు తగలకుండా గాజు సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం, పది రోజులు హాయిగా ఉంటుంది. బెల్లం ఉన్న పచ్చడి కాబట్టి మనిషికి ఒక చెంచా చాలు.

నాలుగోది పల్లీలు. పావుకిలో వేయించి, పొట్టు తీసి డబ్బాలో పోసి ఉంచండి. పల్లీ పచ్చడికి పొద్దున్న పట్టే సమయంలో ఎక్కువ భాగం ఈ వేయించడం, పొట్టు తీయడమే. అది ముందే అయిపోతే పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు వేసి మిక్సీ తిప్పడం రెండు నిమిషాల పని.

రాత్రి పది నిమిషాలు

అన్నాలు తిని గిన్నెలు సర్దాక, వంటింటి దీపం ఆర్పే ముందు రేపటి టిఫిన్ ఏమిటో అనుకుని దానికి కావలసింది నానబెట్టండి. ఉల్లిపాయలు, క్యారెట్, బీన్స్ లాంటివి కోసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర కడిగి తుడిచి ఒకచోట పెట్టుకోండి. పెనం, గరిటె, అట్లకాడ, పోపుల డబ్బా పొయ్యి పక్కకే చేర్చండి. చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ, పొద్దున్న అట్లకాడ ఎక్కడుందో వెతుక్కోవడంలో, ఉల్లిపాయ కోసుకోవడంలో పోయే నిమిషాలే ఎక్కువ.

పెసరట్టు: నా మొదటి ఓటు దీనికే

మన టిఫిన్లలో పని రోజుకు ఇంతగా సరిపోయేది ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. పులియబెట్టే పని లేదు. పొట్టుతో ఉన్న పెసలే కాబట్టి పీచు ఉంటుంది. 100 గ్రాముల పెసల్లో 22 నుంచి 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. నలుగురున్న ఇంట్లో 200 గ్రాముల పెసలు నానబెడితే మనిషికి రెండేసి అట్లు వస్తాయి. అంటే ఒక్కొక్కరికి 50 గ్రాముల పెసలు, 11 గ్రాములకు పైగా ప్రొటీన్. పైన చెప్పిన 85 గ్రాముల పప్పులో సగం పైచిలుకు పొద్దున్నే పూర్తయినట్టు.

1. రాత్రి తొమ్మిదింటికి 200 గ్రాముల పెసలు, ఒక చిన్న గుప్పెడు బియ్యం కలిపి రెండు మూడు సార్లు కడిగి, మునిగిన పైన నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోయండి. బియ్యం కరకరలాడటానికే. గుప్పెడు దాటిందంటే పెసల రుచి పలచబడుతుంది.

2. పొద్దున్న నీళ్లు వంపేయండి. పొట్టు ఊడి పైకి తేలినా పారబోయకండి, అంతా మిక్సీలోకే. అంగుళం అల్లం, మూడు పచ్చిమిర్చి, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ రుబ్బండి. వేళ్ల మధ్య రాసి చూస్తే సన్న రవ్వలా కాస్త తగలాలి. మరీ మెత్తగా పడితే అట్టు జిగురుగా వచ్చి పెనానికి అంటుకుంటుంది.

3. పిండి మినపట్టు పిండి కన్నా కాస్త జారుగా ఉండాలి. గరిటెతో ఎత్తి వదిలితే తెగకుండా ధారగా పడాలి.

4. ఇనప పెనం బాగా కాగనిచ్చి, సగానికి కోసిన ఉల్లిపాయతో నూనె రాయండి. ఆ తర్వాత నాలుగు చుక్కల నీళ్లు చల్లి, ఒక తడిగుడ్డతో తుడవండి. ఈ పని వదిలేయకండి. పెసర పిండి పులిసినది కాదు, పెనం మరీ వేడిగా ఉంటే పడీపడగానే గట్టిపడి గరిటెకు ముద్దలు ముద్దలుగా లేచి వస్తుంది. నీళ్లు చల్లితే పెనం ఒక్క మెట్టు చల్లబడి పిండి సాఫీగా తిరుగుతుంది.

5. గరిటెడు పిండి నడి మధ్యలో పోసి, గరిటె అడుగుతో లోపలి నుంచి బయటికి ఒకే ఊపులో తిప్పండి. వెంటనే సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం ముక్కలు, కాస్త జీలకర్ర చల్లి, అట్లకాడ వీపుతో మెల్లగా నొక్కండి. పిండి పచ్చిగా ఉండగానే నొక్కితేనే అవి అతుక్కుంటాయి. అంచుల చుట్టూ అర చెంచా నూనె.

6. సెగ మధ్యస్థంగా పెట్టి రెండు నిమిషాలు ఆగండి. అంచులు వాటంతట అవే పైకి లేచి, అడుగు గోధుమ రంగులోకి వస్తే మడిచి తీసేయడమే. పలచగా వేసినదైతే తిరగేయనక్కర్లేదు.

పక్క పొయ్యి మీద రెండో పెనం పెడితే నలుగురికీ పది నిమిషాల్లో అయిపోతుంది. హోటల్లో ఎమ్మెల్యే పెసరట్టు అని ఇచ్చే ఉప్మా పెసరట్టు చాలా బాగుంటుంది, నాకూ ఇష్టమే. పని రోజున మాత్రం దాని జోలికి వెళ్లకండి. వంటా రెట్టింపు, రవ్వ వల్ల పళ్లెం బరువూ రెట్టింపు. దాన్ని ఆదివారానికి ఉంచుకోండి.

రుబ్బేటప్పుడు గుప్పెడు పాలకూరో, మునగాకో, కొత్తిమీరో వేస్తే రంగూ బాగుంటుంది, ఆకుకూర తినని పిల్లల కడుపులోకి అదీ వెళ్తుంది. మునగాకు ఎక్కువైతే చేదు తెలుస్తుంది, గుప్పెడే వేయండి. తినేటప్పుడు పక్కన నిమ్మచెక్కో, జామకాయ ముక్కో ఉంటే పెసల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ సి చేసే పని అది. టిఫిన్‌తో పాటే తాగే టీ, కాఫీలు దీనికి ఎదురు పని చేస్తాయి. రక్తహీనత ఉన్నవాళ్లు టిఫిన్‌కీ టీకీ మధ్య కనీసం గంట ఎడం పెట్టుకుంటే మంచిది.

ఒక్క ఇడ్లీ పిండి, నాలుగు రోజుల టిఫిన్

మన ఇళ్లలో ఇడ్లీకి మినపప్పు ఒక గ్లాసైతే ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు. హోటళ్లలో రవ్వ ఇంకా పెంచుతారు. ఇంట్లో రెండు దాటనివ్వకండి. పొట్టు మినపప్పు దొరికితే ఇంకా మంచిది. సగం పొట్టు కడిగేసి సగం ఉంచినా ఇడ్లీ రంగు కాస్త మారుతుందే తప్ప మెత్తదనం పోదు.

ఆదివారం మధ్యాహ్నం మినపప్పులో అర చెంచా మెంతులు వేసి నాలుగైదు గంటలు నానబెట్టండి. గ్రైండరైతే పిండి నురగలా పొంగుతుంది. మిక్సీ అయితే చల్లటి ఫ్రిజ్ నీళ్లతో రుబ్బండి, లేకపోతే జార్ వేడికి పిండి వేడెక్కి సరిగ్గా పులవదు. రవ్వను విడిగా రెండు సార్లు కడిగి, నీళ్లు గట్టిగా పిండి, పప్పు పిండిలో చేత్తో కలపండి. వేసవిలో ఏడెనిమిది గంటల్లో పొంగుతుంది. డిసెంబరు, జనవరి చలిలో పన్నెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. గిన్నెను దుప్పట్లో చుట్టి పెట్టడం, బియ్యం డబ్బాలో కూర్చోబెట్టడం మన ఇళ్లలో తెలిసిన పద్ధతే. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ఓవెన్‌ను వేడి చేయకుండా లోపలి బల్బు మాత్రం వేసి, గిన్నెను అందులో పెట్టి తలుపు మూస్తే ఆ వెచ్చదనం సరిపోతుంది.

పులిసిన పిండిని ఒకే గిన్నెలో ఉంచి రోజూ తీసి పెడుతుంటే మూడో రోజుకే పుల్లగా అవుతుంది. రెండు మూడు డబ్బాల్లో పంచి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏ రోజుది ఆ రోజు తీయండి. ఉప్పు కూడా ఆ రోజు డబ్బాలోనే కలపండి.

సోమవారం ఇడ్లీ. నీళ్లు మరిగాక రేకులు పెడితే పది, పన్నెండు నిమిషాలు. రేకుల్లో ముందు తురిమిన క్యారెట్, ఉడికిన బఠాణీ నాలుగు గింజలు వేసి పైన పిండి పోయండి. పిల్లలు వద్దనకుండా తింటారు.

బుధవారానికి పిండి కాస్త పులుపెక్కి ఉంటుంది. అప్పుడు దిబ్బరొట్టె. ఇడ్లీ రవ్వ పిండితో అట్లు పలచగా రావు, రవ్వ పలుకు అడ్డొస్తుంది. దిబ్బరొట్టెకు మాత్రం ఆ పలుకే అందం. మందపాటి మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, వేడెక్కాక పిండిని అంగుళం మందాన పోసి మూత పెట్టి, సెగ బాగా తగ్గించండి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు దాని దగ్గర నిలబడే పని లేదు. వంటింటి గుమ్మంలో కూర్చుని పిల్లల జడలు వేసుకోవచ్చు. అడుగు ఎర్రగా కాలిన వాసన రాగానే తిరగేసి ఇంకో మూడు, నాలుగు నిమిషాలు ఉంచండి. కోసిన ముక్క బయట కరకర, లోపల మెత్తన. పిండిలో ఉల్లి, క్యారెట్, కొత్తిమీర కలిపితే కూరగాయల వాటా కూడా అందులోనే.

గురువారం మిగిలిన అడుగు పిండిలో రెండు చెంచాల బియ్యప్పిండి, తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి కలిపి గుంత పొంగనాలు వేయండి. గుంటకు నాలుగు చుక్కల నూనె చాలు. ఇదే పిండితో పునుగులు వేస్తే కాగే నూనెలో తేలాలి. రుచి కన్నా నూనె లెక్క చూసుకునే ఇంటికి పొంగనాల పెనం తప్పకుండా ఉండాల్సిన వస్తువు.

ఉగ్గాని: పది నిమిషాల సీమ టిఫిన్

అనంతపురం, కర్నూలు వైపు పొద్దున్నే ఏ హోటల్ ముందు నిలబడ్డా కనిపించేది ఇదే. కోస్తాలో చాలామంది బొరుగులంటే సాయంత్రం చిరుతిండి అనుకుంటారు. రాత్రి ఏమీ నానబెట్టడం కుదరని రోజు దీన్ని మించిన ఆదరువు లేదు. ఇక్కడ నానడం పొద్దున్న రెండు మూడు నిమిషాలే.

నలుగురికి 200 గ్రాముల బొరుగులు. ముందు పొడి చేసుకోండి: పుట్నాల పప్పు నాలుగు పెద్ద చెంచాలు, ఎండు కొబ్బరి తురుము రెండు చెంచాలు, రెండు వెల్లుల్లి రెబ్బలు మిక్సీలో ఒక్క తిప్పు. మూకుడులో రెండు చెంచాల నూనె, ఆవాలు, జీలకర్ర, గుప్పెడు పల్లీలు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, రెండు ఉల్లిపాయలు, రెండు టమాటాలు, పసుపు, ఉప్పు. టమాటా మెత్తబడుతుండగా బొరుగుల మీద నీళ్లు పోసి, పైవి కిందికి, కిందివి పైకి తిప్పి, రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండి మూకుడులో వేయండి. సీమ బొరుగులు కాస్త గట్టివి, రెండు మూడు నిమిషాలు నీళ్లలో ఉన్నా తట్టుకుంటాయి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో దొరికే తేలికపాటి మరమరాలైతే అరనిమిషం చాలు, అంతకు మించితే గుజ్జవుతాయి. మూకుడులో పడ్డాక రెండు నిమిషాలు కలిపి, పొయ్యి ఆపి, పుట్నాల పొడి, నిమ్మరసం, కొత్తిమీర వేయండి. పొడి ముందే వేస్తే అడుగంటుతుంది.

సీమలో ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. పని రోజున దాని బదులు ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల పైన ప్రొటీన్ ఉంటుంది. మరిగే నీళ్లలో తొమ్మిది, పది నిమిషాలు పక్క పొయ్యి మీద దాని మానాన అది ఉడుకుతుంది.

తెలంగాణలో, కోస్తాలో ఎక్కువగా చేసే అటుకుల ఉప్మా కూడా ఇదే దారి. దొడ్డు అటుకులు తీసుకోండి, జల్లెడలో పోసి కుళాయి కింద పట్టి, నీళ్లు కారిపోయాక ఐదు నిమిషాలు అలా వదిలేస్తే పొడిపొడిగా వస్తుంది. పల్లీలు గుప్పెడుకు తగ్గించకండి.

రాగి జావ, పక్కన గుగ్గిళ్లు

100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు వారానికి మూడు రోజులు పొద్దున్నే రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఊళ్లలో పెద్దవాళ్లు అంబలి తాగి పొలానికి వెళ్లిన అలవాటు ఆ రకంగా బడికి చేరింది.

రాత్రి ఆరు చెంచాల రాగి పిండిని ఒక గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టండి. రాత్రంతా నానిన పిండి కొద్దిగా పులిసి, జావకు మంచి రుచి వస్తుంది. పొద్దున్న మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, సెగ తగ్గించి, ఒక చేత్తో పిండి నీళ్లు సన్నగా పోస్తూ రెండో చేత్తో గరిటె తిప్పుతూ ఉండండి. ఆరేడు నిమిషాల్లో చిక్కబడి, పైన నిగనిగ వస్తుంది, పచ్చి వాసన పోతుంది. అప్పుడు దించండి. పెద్దవాళ్లకు చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ. పిల్లలకు పాలు, బెల్లం. బెల్లం, పాలు రెండూ పొయ్యి దించాకే, గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపండి. మరిగేటప్పుడు వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది.

ఒక్క జావ మీద మధ్యాహ్నం దాకా నిలవడం కష్టం. బరువు తగ్గాలని జావ ఒక్కటే తాగి పదింటికి సమోసా తినేవాళ్లను ఆఫీసుల్లో చూస్తూనే ఉంటాం. జావతో పాటు గుగ్గిళ్లు పెట్టుకోండి. శనగలో, బొబ్బర్లో రాత్రి నానబెట్టి, పొద్దున్న కుక్కర్‌లో ఉప్పు వేసి నాలుగైదు కూతలు రానిచ్చి, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, కొబ్బరి తురుము చల్లితే అయిపోతుంది. ఒకేసారి రెండు రోజులకు సరిపడా ఉడికించి సగం ఫ్రిజ్‌లో ఉంచుకుంటే రెండో రోజు పోపు ఒక్కటే పని.

చద్దన్నం

ఎండాకాలం నాలుగు నెలలూ వారంలో ఒక రోజు దీనికి ఇవ్వమంటాను. పొద్దున్న పొయ్యి వెలిగించే పనే ఉండదు. రాత్రి వండిన అన్నం గోరువెచ్చగా ఉండగా, మునిగే దాకా గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి కలిపి మూత పెట్టండి. తెల్లారేసరికి అన్నంతో సహా తోడుకుంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు, ఉప్పు కలుపుకుని తినడమే. పాలు వద్దనుకుంటే నీళ్లు పోసి ఉంచి, పొద్దున్న మజ్జిగ కలుపుకోండి. తెలంగాణలో సద్ది అంటారు.

ఒక జాగ్రత్త. మధ్యాహ్నం వండి సాయంత్రం దాకా బయటే ఉన్న అన్నాన్ని దీనికి వాడకండి. అన్నంలో బతికి ఉండే కొన్ని సూక్ష్మజీవులు వెచ్చటి వాతావరణంలో పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడి చేసినా అది పోదు. రాత్రి వండినది రాత్రే తోడు వేసి, పొద్దున్నే తినేయాలి. జిగురుగా తీగలు సాగినా, వాసన తేడా వచ్చినా పారేయండి. పక్కన ఆవకాయ ముక్క ఉంటే చద్దన్నానికి అంతకు మించిన తోడు లేదు గానీ, రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదన్న హద్దు గుర్తుంచుకుని, అన్నంలో ఉప్పు ఆ మేరకు తగ్గించండి.

ఉప్మాను బాగుచేసుకోవడం

ఉప్మాను తిట్టడం నా ఉద్దేశం కాదు. బొంబాయి రవ్వ బదులు గోధుమ రవ్వ, జొన్న రవ్వ వాడండి. ఒక గ్లాసు రవ్వ తీసుకుంటే ఒక గ్లాసు కూరగాయల ముక్కలు వేయాలన్నది పెట్టుకోదగిన నియమం. జొన్న రవ్వను రాత్రే నానబెట్టకపోతే పొద్దున్న ఎంత ఉడికించినా పలుకు మిగులుతుంది. నానిన రవ్వకు గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు, కుక్కర్‌లో పోపు పెట్టి, కూరగాయలు, రవ్వ వేసి మూడు కూతలు. పోపులో శనగపప్పు, మినపప్పు, పల్లీలు చెంచాడు చొప్పున కాక, రెండేసి చెంచాలు వేయండి.

ఇంట్లో షుగరు ఉన్నవారుంటే

వేరే వంట అక్కర్లేదు, వడ్డన మార్చండి. వారికి పెసరట్టు, గుగ్గిళ్లు, గుడ్డు ముందు వడ్డించి, ఇడ్లీ అయితే రెండుకి ఆపి, సాంబారులో ముక్కలు, పప్పు ఎక్కువ వేయండి. జావలో బెల్లం మానేసి మజ్జిగ పోయండి. రాగి అనగానే ఎంత తాగినా పర్వాలేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అదీ పిండి పదార్థమే, బాగా ఉడికి పలచబడిన జావ రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. మందులు, ఇన్సులిన్ వాడేవారు టిఫిన్ వేళ, కొలత మార్చే ముందు తమ డాక్టరుతో ఒక మాట మాట్లాడాలి.

గడియారం చూసుకుంటూ

పెసరట్టు రోజు ఇలా నడుస్తుంది. ఆరుంబావుకు పెసలు వడకట్టి రుబ్బడం, ఐదు నిమిషాలు. పిండిని పక్కన పెట్టి పిల్లల్ని లేపి స్నానానికి పంపండి. ఏడింటికి పదినిమిషాల ముందు రెండు పొయ్యిల మీదా పెనాలు. పల్లీ పచ్చడి కావాలంటే పెనం కాగే లోపు మిక్సీ తిప్పేయొచ్చు. ఏడు దాటేసరికి అందరి పళ్లేల్లో అట్లు. వేసేవాళ్లు ఆఖరున చల్లారినవి తినే పద్ధతి మన ఇళ్లలో ఉంది. రెండు పెనాలుంటే ఇంకొకరు వచ్చి రెండోది చూసుకోవచ్చు, పదేళ్లు దాటిన పిల్లలకు పెద్దవాళ్లు పక్కన ఉండి నేర్పించొచ్చు.

ఏమీ నానబెట్టని రోజు

రాత్రి అలిసిపోయి నిద్రపోయారు, బొరుగులూ లేవు. అప్పుడు పొట్టు తీసిన పెసరపప్పు ఉంది. లేవగానే ఒక గ్లాసు పెసరపప్పు కడిగి గోరువెచ్చని నీళ్లలో వేయండి. మీరు పళ్లు తోముకుని, పాలు కాచి, బాక్సు కూర పొయ్యి మీద పెట్టేసరికి అరగంట గడుస్తుంది, పప్పు రుబ్బడానికి సిద్ధం. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఉప్పు, రెండు చెంచాల బియ్యప్పిండి వేసి రుబ్బి, తురిమిన క్యారెట్ కలిపి అట్లు పోయండి. ఇవి పెసల అట్ల కన్నా మెత్తగా ఉంటాయి, త్వరగా విరుగుతాయి, అందుకని చిన్నవిగా, కాస్త మందంగా పోసి రెండో వైపు కూడా కాల్చండి. చిన్నపిల్లలకు, పళ్లు లేని పెద్దవాళ్లకు ఇవే బాగా నచ్చుతాయి.